కదలొద్దు దొర

బల్దిరి దొరకు ఒకటే జబ్బు. కంటికి కనిపించిందల్లా కదలకుండా ఉండాలి. మనిషైనా, కాకైనా, పడవైనా, ఆఖరికి రంగూన్ నదైనా సరే, ఆయన కుంచె పట్టాడంటే ఎక్కడిది అక్కడ ఆగిపోవాల్సిందే. మన తెలుగులో ఆయన నేర్చుకున్న మొదటి మాట "కదలొద్దు". రెండో మాటతో ఆయనకు చాలాకాలం దాకా పని పడలేదు.

అసలాయన రంగూన్‌లో తేలిందే ఆ జబ్బు వల్ల. స్పెయిన్‌లో కాటలోనియా అని ఒక సీమ ఉందట, అక్కడివాడు. కొండలూ చెట్లూ నీళ్ళూ తప్ప ఇంకేమీ వెయ్యని చిత్రకారుడు. 1924లో మనీలా పోతుంటే ఓడ ఇక్కడ ఆగింది. సాయంకాలపు ఎండ బాగుందని రంగుల పెట్టె చంకన పెట్టుకుని బోటాటౌంగ్ రేవులో దిగాడు. బొమ్మ సగమయ్యేసరికి ఓడ కదిలింది. ఈయన గట్టుమీద నిలబడి, కదలొద్దని వాళ్ళ భాషలో కేకలేశాడట. ఓడకు ఆ భాష రాదు, వెళ్ళిపోయింది. ఓడ ఉన్నచోట ఉత్త నీళ్ళు వేసుకుని బొమ్మ పూర్తిచేసి, ఆ తర్వాత తీరిగ్గా బస వెతుక్కున్నాడు.

ఇక నా సంగతి. నేను బోర్డుల కన్నారావుని. ఆ రోజుల్లో రంగూన్‌లో నా అంతటి చిత్రకారుడు లేడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ ఉన్నట్టు దాఖలాలు లేవు. సోడా కంపెనీకి వేసిన సింహం బోర్డు షాపు ముందు ఆరబెట్టుకుంటుంటే బల్దిరి దొర నీలం రంగు కోసం వచ్చి, దాన్ని తేరిపార చూశాడు.

"మంచి కుక్క" అన్నాడు, వచ్చీరాని హిందుస్తానీలో.

ఈయనకు కళ తెలియదని ఆ క్షణమే తేల్చేశాను. అయినా బోర్డుల పని లేని రోజుల్లో ఆయన వెంట అహ్లోన్ రేవుకు వెళ్తూ ఉండేవాణ్ణి. రంగుల విషయంలో దొర నా సలహా తీసుకుంటాడని ఊళ్ళో చెప్పుకున్నాను. మా ఆవిడ తాయారమ్మ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "మా ఆయన దొరకి గొడుగు పడతాడు" అని చెప్పేది.

సలహాలు ఇవ్వలేదని కాదు. ఆయన నదికి నారింజరంగు వేసేవాడు. రైస్‌మిల్లు రేకుల కప్పు వంగపండు రంగు. గట్టుమీది నిద్రగన్నేరు చెట్టు నీలం. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"దొరా, చెట్టు పచ్చగా కదా ఉంటుంది?"

"నీకు ఎవరు చెప్పారు?"

"చూస్తే తెలుస్తుంది కదండీ."

"అయితే చూడు" అన్నాడు. చూశాను. పచ్చగానే ఉంది. గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాను.

మధ్యాహ్నానికి సముద్రపు ఆటుకు నది నీళ్ళు తగ్గిపోతే ఆయనకు కోపం వచ్చేది. పొద్దున వేసిన నీళ్ళు ఏవని నన్ను నిలదీసేవాడు, నేనే తాగేసినట్టు. ఒకసారి ఎదురుగా పోతున్న సంపాన్‌ను కదలొద్దన్నాడు. పాపం ఆ బర్మావాడు తెడ్డు ఎత్తి ఆగాడు. ప్రవాహం ఆగలేదు. పడవ వెనక్కి కొట్టుకుపోతుంటే వాడు పెట్టిన తిట్లకు అర్థం చెప్పమని దొర నన్నడిగాడు. బొమ్మ బాగుందంటున్నాడని చెప్పాను.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉండేది. మిల్లులోకి ధాన్యం బస్తాలు మోసే మనవాళ్ళ జట్టు ఒకటి ఆ చెట్టు పక్కనుంచే నడిచేది. పన్నెండుమంది. అందులో మా ఆవిడ అన్న బంగారయ్య ఒకడు. చలిజ్వరంతో మూడు వారాలు మంచంపట్టి లేచిన మనిషి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దొర పెద్దగొంతుతో, "కదలొద్దు!" అనేవాడు. పన్నెండుమందీ బస్తాలు దించి చెట్టు కింద కూర్చునేవాళ్ళు. అరగంట ఉలుకూపలుకూ ఉండేది కాదు. దొర వాళ్ళనే చూస్తూ కుంచె తెగ ఆడించేవాడు. తీరా నేను తొంగిచూస్తే కాన్వాసు మీద ఉన్నది చెట్టొక్కటే! మనిషి అన్నవాడి మొలతాడు కూడా లేదు.

పన్నెండుమంది మనుషుల్ని ఎదురుగా పెట్టుకుని చెట్టు వేసేవాణ్ణి ఏమనాలి? నాకు నవ్వాగలేదు. నవ్వితే నవ్వాను, కడుపులో దాచుకోవచ్చు కదా. టీ దుకాణంలో ఆ జట్టు మేస్త్రీ వెంకటరాజు కనిపిస్తే, నా కళాజ్ఞానమంతా ప్రదర్శిస్తూ ఆయనతో చెప్పాను.

వెంకటరాజు గ్లాసు కింద పెట్టాడు. "ఏటీ? బొమ్మలో మావోలు నేరా?"

"ఒక్కడూ లేడు మేస్త్రీ బాబూ. ఒట్టి చెట్టు."

"తెల్లదొర అడిగినాడు గదా, మిల్లు మేనేజరు గారి సుట్టమేమో, బంగళాలో పటం కడతాడేమో అని ఊరుకున్నాను. ఇదా యవ్వారం! రేపు నానే ఒచ్చి సూస్తాను. పటంలో మావోలు అగుపించకపోతే ముందు ఆ బంగారయ్యని స్టీమరెక్కించేస్తాను, ఇశాపట్నం ఎల్లి ఇంటికాడ కూసుంటాడు."

టీ సగంలోనే వదిలేశాను. ఇంటికి వెళ్ళి తాయారమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె బియ్యం చాట పక్కన పెట్టింది.

"నీకు కళ్ళున్నాయా? రెండు నెల్ల కిందట మా అన్నయ్య బస్తాతో తూలిపోతంటే ఆ దొర సూసి కదలొద్దని అరిసినాడు. ఆ రోజే మొదలు. ఒక్కడినే కూసోబెడితే మేస్త్రీకి అనుమానం ఒస్తాదని పన్నెండుమందినీ కూసోబెడతన్నాడు. బొమ్మలో ఎవుడూ నేడని కనిపెట్టినావు గానీ, ఆలు కూసుంటన్నారని కనిపెట్టనేకపోయినావు!"

రెండు నెలలు గొడుగు పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డవాణ్ణి నేను. వంటింట్లో ఉన్న మనిషికి తెలిసింది నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎన్నాళ్ళు కూర్చోబెట్టినా ఆయన మనుషుల్ని ఎందుకు వెయ్యడంటే, ఆయనకు కావలసింది వాళ్ళ బొమ్మ కాదు కనక.

మర్నాడు పొద్దున్నే బోర్డు రంగుల డబ్బాలు పట్టుకుని దొర బసకు పరుగెత్తాను. ఆయన కాఫీకి వెళ్ళాడు. కాన్వాసు స్టాండు మీదే ఉంది. రెండు నెలల పని. కళ్ళు మూసుకుని ఓ దండం పెట్టుకుని, చెట్టు కింద మనుషుల్ని వెయ్యడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన ముఖం ఒక్కటే, జుట్టునూనె బోర్డు మీది ముఖం. అందువల్ల మావాళ్ళందరికీ పక్కపాపిడీ, మెలితిప్పిన మీసమూ, నూనె రాసుకున్న నవ్వూ వచ్చాయి. కంగారులో ఎంతమందిని వేశానో కూడా చూసుకోలేదు. దొర రాకముందే కాన్వాసు మీద గుడ్డ కప్పేసి, గోడ దూకినంత పని చేసి బయటపడ్డాను.

రేవులో మేస్త్రీ ముందే కాచుకుని ఉన్నాడు. దొర కాన్వాసు మీది గుడ్డ తీశాడు. చూశాడు. ఆయన ముఖం ఆయన వేసే నదిలా నారింజరంగుకు వచ్చింది. తర్వాత నావైపు చూశాడు. నా చేతికి అంటిన నల్లరంగు చూశాడు. చెట్టు కింద వణుకుతూ కూర్చున్న బంగారయ్యనూ చూశాడు. పక్కకు జరిగి మేస్త్రీకి దారిచ్చాడు.

మేస్త్రీ ముందుకు వంగి వేలుపెట్టి లెక్కపెట్టాడు. "పన్నెండు... పదమూడు. మావోలు పన్నెండుమందే గదా! ఈ పదమూడోవాడెవుడు?"

నేను గొడుగు చాటుకు తప్పుకున్నాను. బల్దిరి దొర మాత్రం ఒక్క క్షణమే ఆలోచించాడు. కుంచెతో మేస్త్రీ గుండెను చూపించాడు.

"నువ్వు" అన్నాడు హిందుస్తానీలో. "కూర్చో."

ఆ 'కూర్చో' ఆయన నేర్చుకున్న రెండో తెలుగు మాట. ఎప్పుడు నేర్చుకున్నాడో ఏమో. వెంకటరాజు కాసేపు బొమ్మలో మీసాన్ని చూసుకున్నాడు, తన మీసాన్ని తడుముకున్నాడు, తలపాగా సర్దుకున్నాడు. వెళ్ళి బంగారయ్య పక్కనే బస్తా మీద దర్జాగా కూర్చున్నాడు.

"కదలొద్దు!" అన్నాడు దొర.

కదల్లేదు. పావుగంటకు మేస్త్రీ గురక వినిపించింది. ఆ వేసవి అంతా పదమూడుమందికీ రోజూ అరగంట విశ్రాంతి. బంగారయ్య ఒంట్లోకి నెత్తురు వచ్చి మళ్ళీ మనిషయ్యాడు.

ఆ సాయంత్రం గొడుగు మూస్తూ, "మీ బొమ్మ పాడుచేశాను దొరా" అన్నాను.

"చెట్టు ఇంకోటి వేస్తాను" అన్నాడు. "ఈ ఊళ్ళో నా మాట వినేది అదొక్కటే."

1927లో ఆయన వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఏడాది తర్వాత ఉత్తరం వచ్చింది, పత్రిక ముక్క ఒకటి లోపల పెట్టి. ఆ భాష వచ్చిన చర్చి పాదిరిగారి చేత చదివించుకున్నాను. బార్సిలోనాలో ప్రదర్శన పెడితే ఆ బొమ్మను అందరూ మెచ్చుకున్నారట. చెట్టు అద్భుతమట, నది అద్భుతమట. చెట్టు కింద నరికి పడేసిన మొద్దులు పదమూడు మాత్రం పసిపిల్లవాడు వేసినట్టు ఉన్నాయట. కింద దొర తన చేతిరాతతో ఒకే వాక్యం రాశాడు: "వాటిని తీసెయ్యమన్నారు, నేను కదలనివ్వలేదు."

ఆ ముక్కకు అద్దం కట్టించి షాపులో సింహం పక్కన తగిలించాను. నా పనితనం గురించి విదేశాల పత్రికలో పడిందని వచ్చినవాళ్ళకు చెప్తుంటాను. ఏమని పడిందో చెప్పను. బంగారయ్య బావ మాత్రం ఎప్పుడొచ్చినా ఛాతీ విరుచుకుని అందరికీ చెప్పుకుంటాడు, ఎడమనుంచి నాలుగో మొద్దు తనేనని.