ఆడపడుచు వాడిన క్యాప్సూల్స్

నర్సీపట్నం బస్టాండు దగ్గర మందుల షాపులో అప్పలలక్ష్మి ఇరవై రెండేళ్లుగా మందులిస్తోంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు డాక్టరు చీటీ తేవడం అరుదు. వాడేసిన ఖాళీ స్ట్రిప్పు కొంగున ముడేసుకుని తెచ్చి, ఇదే ఇయ్యండి అంటారు. సగం పేరు చిరిగిపోయినా సరే, రేకు రంగు చూసి ఏ మందో చెప్పేస్తుంది ఆవిడ. అదంటే ఆవిడకి ఎంత మురిపెమో!

మొన్న శ్రావణంలో నాతవరం షేర్ ఆటోలోంచి రోజారమణి దిగింది. మాఘంలో పెళ్లయిన పిల్ల, బుగ్గల నిండా మొటిమలు. అలాంటి మొటిమలే ఆడపడుచుకి తగ్గాయట, అందుకని ఆవిడ వాడిన స్ట్రిప్పు అడిగి తెచ్చుకుంది. ఆటో కదిలిపోతుందని ఒకటే కంగారు.

“బేగి ఇయ్యక్కా.”

అప్పలలక్ష్మి డబ్బా తీయలేదు. నెల తప్పిందా అని మెల్లగా అడిగింది. పిల్ల వేళ్లు లెక్కపెట్టుకుంది. పన్నెండు రోజులు దాటిందట. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదట.

“మొటిమలకిచ్చే ఈ మందులు కొన్ని ఒక్క జాతివే గానీ పనులు వేరమ్మా. అడాపలీన్ ట్యూబు మెత్తనిది. ట్రెటినాయిన్ ఘాటు, ముందు సర్మం పొట్టు రేగుతాది. నువ్వు తెచ్చిన స్ట్రిప్పులో క్యాప్సూలేమో లోపలికెళ్లేది. కడుపుతో ఉన్నోళ్లు మింగితే బిడ్డ అవకరంతో పుట్టొచ్చు. ఒక్కటి కూడా వద్దు.”

రోజారమణి పర్సు విప్పి ఒక క్యాప్సూల్ బల్ల మీద పెట్టింది. ఆడపడుచు నిన్ననే ఇచ్చిందట.

“ఇప్పటికే ఒకటి మింగీసావేటి?”

“లేదక్కా. అన్నం తిన్నాకే ఏసుకోమంది. నాకేమో రెండ్రోజుల్నుంచి అన్నం చూస్తేనే వికారం.”

అప్పలలక్ష్మి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ క్యాప్సూల్ తీసి పక్కన పడేసింది. పోనీ ట్యూబన్నా ఇమ్మంది పిల్ల. ఆ జాతి ట్యూబులు కూడా ఇప్పుడొద్దని, కడుపు సంగతి ముందు చెప్పి డాక్టరమ్మనే మొటిమలకి మందు అడగమని ఆసుపత్రికి పంపింది. ఆటో ఎటూ పోయింది.

పుష్యం చలిలో రోజారమణి మళ్లీ వచ్చింది, ఏడో నెల పొట్టతో. బుగ్గ మీద రెండు మొటిమలు అలాగే ఉన్నాయి. కొంగు ముడి విప్పి ఖాళీ స్ట్రిప్పు తీసింది.

“ఇదే ఇయ్యక్కా.”

ఐరన్ మాత్రలు. ఈసారి అప్పలలక్ష్మి ఏమీ అడగలేదు. నవ్వుతూ అరలోకి చెయ్యి పెట్టింది.