దోన్ ఫిలిబెర్తో మోసిన రాళ్ళు

మా సాన్ రోకే చర్చి దఫ్తరంలో ఎలోదియా ముప్పై ఏళ్ళ నుంచి గుమాస్తా. జ్ఞానస్నానం, పెళ్లి, చావు, ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆవిడ కిటికీ ముందు నిలబడాల్సిందే. ఎవరి ముత్తవ్వ పెళ్లికి ముందే నెల తప్పిందో, ఎవరి తాత రెండూళ్ళలో రెండు కాపురాలు పెట్టాడో ఆవిడకి తెలుసు. తలుచుకుంటే ఊళ్ళో సగంమంది నోళ్ళు మూయించగలదు. కానీ ఎన్నడూ ఎవరి గుట్టూ బయటపెట్టలేదు. ఆవిడ పగ ఒక్క ఇంటి మీద. దాన్ని ఊరందరికీ పంచిపెట్టే మనిషి కాదు.

ఆ ఇల్లు అరాంబులాలది. ఆ ఇంటి మగవాళ్ళని దోన్ అనీ ఆడవాళ్ళని దోన్యా అనీ పిలవడం ఊరి మర్యాద. చర్చిలో మొదటి బెంచీ వాళ్ళది. ఆఖరి బెంచీ, తలుపు పక్కన గాలి కొట్టే చోటు, ఎలోదియా తల్లి రెఫూహియోది. ఊరంతా ఆవిణ్ణి కూకా అంటుంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. బెంచీ ఖాళీగా ఉన్నా సరే, ఒక అడుగు ముందుకి జరిగి కూర్చోవడం ఎవరూ చూడలేదు.

ఎందుకో చెప్పాలంటే 1921కి వెళ్ళాలి. దోన్ ఫిలిబెర్తో అరాంబులా పెద్దకొడుకు లెయాంద్రో, కుట్టుపని చేసుకునే తొమాసాని చేసుకుంటానన్నాడు. తొమాసా తల్లి నికొలాసా ఆ ఇంట్లోనే వంటమనిషి. మొగుడు గనిలో పోతే, సకతేకస్ నుంచి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చిన విధవరాలు. వంటమనిషి కూతురు కోడలవడమా అని తండ్రి మండిపడ్డాడు. కొడుకు వినలేదు. చర్చిలో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమనాలి కదా, రెండు ఆదివారాలు చదివేశారు. మూడో ఆదివారానికి ముందురోజు దోన్ ఫిలిబెర్తో చర్చికి వెళ్ళాడు. సువార్త గ్రంథం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. “నేనొకసారి కంచరగాడిదలు అమ్మడానికి సకతేకస్ వెళ్ళాను. తొమాసా నా కూతురు. నా కొడుక్కి తోబుట్టువవుతుంది” అన్నాడు.

అంతే. మూడో ప్రకటన చదవలేదు. లెయాంద్రోని దూరపు బంధువుల దగ్గరికి తోలేశారు. నికొలాసా చర్చి గుమ్మంలో కూలబడి, నేనాయన మొహం కూడా అప్పటికి చూసి ఎరగనని నెత్తి బాదుకుంది. వంటమనిషి మాట ఎవడికి కావాలి? ఏడాది తిరక్కుండానే పోయింది. ప్రకటన ఆగేనాటికే తొమాసాకి మూడో నెల. పుట్టిన పిల్ల కూకా. తోబుట్టువులకి పుట్టిన పిల్ల అన్నారు. జ్ఞానస్నానం రోజున బిడ్డనెత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడే దిక్కులేక గంటలు కొట్టేవాడి పెళ్ళాన్ని బతిమాలుకున్నారు.

కూకా ఆ మాటని నమ్మింది. మా ఊళ్ళో ఆడదానికి జ్ఞానతల్లి కావడం కంటే గౌరవం లేదు. కూకాని ఎవరూ అడగలేదు, అడిగినా ఆవిడ ఒప్పుకునేది కాదు, నా రక్తం మంచిది కాదు అనేది. బయటూరి ఇటుకల పనివాడొకడు ఇవేవీ పట్టించుకోకుండా పెళ్లాడాడు. మొదటి కొడుకు అంగేల్ నాలుగు రోజులు బతికాడు. తరువాత పుట్టిన సొకోర్రో తొమ్మిది రోజులు. రెండుసార్లూ అరాంబులాల ఇంటినుంచి దోన్యా అంపారో, దోన్ ఫిలిబెర్తో ఆఖరి కూతురు, తీపిరొట్టె, దాల్చినచెక్క కాఫీ పట్టుకొచ్చి శవం పక్కన కూర్చుంది. ఎంత మనసున్న పిల్ల అని ఊరు మెచ్చుకుంది. మూడో కాన్పు ఎలోదియా. అది బతికిందేమిటా అని కూకా ఏళ్ళ తరబడి భయపడింది.

ఎలోదియాకి ఏడేళ్ళప్పుడు బళ్ళో ఎవరో ఆ మాట అన్నారు. ఇంటికొచ్చి అడిగితే తల్లి చెంప మీద ఒకటిచ్చి, తరువాత తానే ఏడ్చింది. ఆ చెంపదెబ్బ కొట్టింది తల్లి కాదు, అరాంబులాలేనని ఎలోదియా అప్పుడే అనుకుంది. దఫ్తరంలో ఉద్యోగం ఖాళీ అయినప్పుడు, బట్టల కొట్లో మంచి పని వదులుకుని మరీ అందుకే వచ్చింది.

మొదటి ఆధారం 1930 జనాభా లెక్కల్లో దొరికింది. ఆ కాగితాల నకలు మునిసిపల్ ఆఫీసులో పడి ఉంటే వెళ్ళి చూసింది. “తొమాసా, అవివాహిత, కుట్టుపని, పుట్టిన చోటు సకతేకస్” అని ఉంది. పుట్టిన తేదీ తెలియకుండా ముసలాయన మాటని తూచడం కుదరదు. సకతేకస్ చర్చిలకి వరసగా ఉత్తరాలు రాసింది. పదకొండో ఉత్తరానికి జవాబొచ్చింది. తొమాసా పుట్టింది 1902 ఫిబ్రవరి 24. తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెడితే 1901 మే నెల చివర.

మరి ఆ మే నెలలో దోన్ ఫిలిబెర్తో ఎక్కడున్నాడు? దీనికి జవాబు దొరకడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. దొరికిన రోజున ఎలోదియా దఫ్తరం తలుపు గడియ పెట్టుకుని ఒక్కతే నవ్వింది.

ముసలాయన పెళ్లాడింది సొంత పినతండ్రి కూతుర్ని. మా వైపు భూమి చెదిరిపోకుండా దగ్గరివాళ్ళనే చేసుకోవడం మామూలే, కాకపోతే చర్చి మినహాయింపు ఇవ్వాలి. మినహాయింపుకి ప్రాయశ్చిత్తం ఉంటుంది. అప్పటి ఫాదర్ గంటల గోపురం కట్టిస్తున్నాడు. కూలీలు కావాలి. 1901 ఫిబ్రవరి రెండు నుంచి ఆగస్టు పదిహేను వరకూ పెళ్లికొడుకు రోజూ గోపురానికి రాళ్ళు మొయ్యాలి, ఆదివారం మోకాళ్ళ మీద కొవ్వొత్తి పట్టుకుని పూజ వినాలి అని ప్రాయశ్చిత్తం పుస్తకంలో రాశాడు. రాసి ఊరుకోలేదు. రోజుకో గీత పెట్టి, గీత పక్కన తన పొడి అక్షరం వేశాడు. సకతేకస్‌కి కంచరగాడిదల మీద అయిదు రోజుల దారి. పుస్తకంలో ఒక్క రోజు నాగా లేదు.

ఎలోదియా ఆ సాయంత్రమే తల్లి ముందు మూడు కాగితాలూ పరిచింది.

“చూడమ్మా. ఆయన ఇక్కడ రాళ్ళు మోస్తున్నాడు. అమ్మమ్మకి తండ్రెలా అవుతాడు? పచ్చి అబద్ధం.”

కూకా కాగితాలని చేత్తో కూడా ముట్టుకోలేదు. “సువార్త మీద చెయ్యేసి చెప్పాడే ఆయన.”

“చేతికేం, ఎక్కడైనా వేస్తుంది.”

“నువ్వు నా కూతురివి, నాకు నచ్చేదే చెప్తావు. ఆ ఇంటివాళ్ళ నోటితో వింటే నమ్ముతాను. లేకపోతే నన్నిలాగే పోనియ్యి.”

ఆ ఇంటివాళ్ళ నోరు! తల్లికా ఆయాసం ఎక్కువైంది, ఎన్నాళ్ళుంటుందో తెలీదు. అడిగితే అంపారో చెప్పదు. చెప్పక తప్పని చోటికి తోలుకురావాలి.

దారి అంపారోయే చూపించింది. 2001లో గోపురానికి నూరేళ్ళు. సాన్ రోకే పండగకి అరాంబులాలు గ్వాదలహారా నుంచి, లాస్ ఏంజెలస్ నుంచి తొంభైమంది దిగుతున్నారు. చర్చి ముందు వసారాలో పెద్ద అట్ట మీద వంశవృక్షం పెట్టాలని అంపారోకి ముచ్చట. ఎనభై ఆరేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని స్వయంగా కిటికీ దగ్గరికొచ్చింది.

“పుస్తకాల్లో ఎలా ఉంటే అలాగే రాయాలే ఎలోదియా. సంతకం లేని ముక్క ఒక్కటుండకూడదు.”

“సంతకం లేనిది ఒక్కటీ రాయను దోన్యా” అంది ఎలోదియా. ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

గురువారం పొద్దున అట్ట ఎక్కింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. దోన్ ఫిలిబెర్తో, 1878 నుంచి 1944 వరకు. ఆయన కింద ఎనిమిదిమంది పిల్లల గళ్ళు. వాటి పక్కన తొమ్మిదో గడి: తొమాసా. “తండ్రి స్వయంగా ప్రమాణం చేసి ఒప్పుకున్న కూతురు” అని రాసి, ఆ ప్రమాణ పత్రం నకలు సంతకంతో సహా గుండుసూదితో గుచ్చింది. తొమాసాకీ లెయాంద్రోకీ మధ్య ఒక గీత, ఆ గీత కింద కూకా, కూకా కింద ఎలోదియా.

పదకొండయ్యేసరికి వసారాలో జాతర. లాస్ ఏంజెలస్ మనవరాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. మధ్యాహ్నం అంపారో దఫ్తరంలోకి వచ్చిపడింది.

“ఏమే, మతి ఉండే రాశావా? మా నాన్న కింద ఆ కుట్టుపనిదాని పేరేంటి?”

“కూర్చోండి దోన్యా, మోకాళ్ళు నొప్పులు కదా. సొంత అక్కని పట్టుకుని కుట్టుపనిది అనొచ్చా?”

“అక్కేంటే అక్క! చెంప పగులుతుంది!”

“మీ నాన్నగారే కదండీ అక్కని చేసింది. ఆయన సంతకం మీరు గుర్తుపట్టలేరా?”

“తీసెయ్యి దాన్ని. ఇప్పుడే తీసెయ్యి.”

“తీసేస్తాను. ఆయన అబద్ధం చెప్పాడని అనండి, తీసేస్తాను. నాకు కాదు, ఆదివారం పూజలో, మా అమ్మ చెవిన పడేలా. నిజమే చెప్పాడంటారా, ఇంకా సంతోషం. ఆదివారం మా అమ్మ మీ బెంచీలో మీ పక్కన కూర్చుంటుంది. మీ తొంభైమందీ వరసగా వచ్చి పెద్దమ్మా అని ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుంటారు. రెండింట్లో మీకేది ఇష్టం?”

“నాన్న పోయి యాభై ఏడేళ్ళయిందే. పోయినవాణ్ణి బజారుకీడుస్తావా?”

“మా అమ్మ ఇంకా పోలేదు దోన్యా. ఆవిణ్ణి పుట్టకముందే ఈడ్చారు.”

ఎలోదియా సొరుగులోంచి ప్రాయశ్చిత్తం పుస్తకం తీసి ఆవిడ ముందు తెరిచి పెట్టింది. అంపారో కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. గీతలు, గీతలు, పేజీ తిప్పితే మళ్ళీ గీతలు.

“ఈ పుస్తకం చెదలు తినేసిందని నాన్న...” అని టక్కున నాలిక కరుచుకుంది.

అంటే ఈవిడకి ముందే తెలుసు. కొట్టాలనిపించింది ఎలోదియాకి, ఎనభై ఆరేళ్ళ ముసలిదాన్ని, నిజంగానే.

“ఆదివారం,” అంది చివరికి. “ఫాదర్ కోస్మెకి నేను చెప్తాను.”

ఆదివారం చర్చి కిక్కిరిసింది. వెనక వంటశాలలో విందుకి మేకమాంసం బిర్రియా ఉడుకుతున్న వాసన లోపలికి కొడుతోంది. ఫాదర్ కోస్మె భయస్తుడు, ప్రసంగం గబగబా ముగించి పక్కకి తప్పుకున్నాడు. అంపారో మొదటి బెంచీలోంచి లేచి జనం వైపు తిరిగింది. మాట స్పష్టంగానే వచ్చింది.

“మా నాన్న ఫిలిబెర్తో అరాంబులా ఈ చర్చిలో సువార్త మీద చెయ్యేసి అబద్ధం చెప్పాడు. తొమాసా ఆయన కూతురు కాదు. కూకా పాపపు పిల్ల కాదు. మా లెయాంద్రో అన్నయ్య కూతురు, అంతే.”

ఎలోదియా అరాంబులాల మొహాలని ఒక్కొక్కటే తీరిగ్గా చూసుకుంది. కోటు తొడుక్కున్నవాడు నేల చూస్తున్నాడు. టోపీ ఆవిడ విసనకర్ర ఆపేసింది. ఎనభై ఏళ్ళు మా వాళ్ళు దించుకున్న తలలు ఇవాళ మీరు దించండి అనుకుంది. అంత హాయి ఆవిడ జన్మలో ఎరగదు.

ఆఖరి బెంచీలోంచి కూకా లేచింది. బెంచీల అంచులు పట్టుకుంటూ నడవ వెంట ముందుకొచ్చింది. అంపారో ఏడుస్తూ రెండు చేతులూ చాపింది. కూకా రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

“నీకెప్పుడు తెలుసు?”

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటివాళ్ళని కూకా నువ్వు అనడం అదే మొదలు. చర్చంతా గమనించింది.

“నాన్న పోయేముందు చెప్పాడు కూకా. నలభై నాలుగులో.”

“నలభై నాలుగు,” అంది కూకా. “నలభై అయిదులో నా అంగేల్ పోయాడు. నలభై ఏడులో సొకోర్రో పోయింది. రెండుసార్లూ రొట్టె తెచ్చావు. నా రక్తమే నా పిల్లల్ని తినేస్తోంది దోన్యా అని నీ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. నువ్వేమన్నావు?”

జవాబు కోసం ఆగకుండా కూకాయే చెప్పింది.

“దేవుడి చిత్తం కూకా, అన్నావు.”

“క్షమించు కూకా. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఆ రొట్టె తిన్నాను నేను,” అంది కూకా. “మంచిదానివని నీకోసం ప్రార్థన చేస్తూ తిన్నాను.” అని వెనక్కి తిరిగింది. చాచిన చేతుల్ని అంపారో ఎప్పుడు దించుకుందో ఎవరూ చూడలేదు.

వసారాలో ఎలోదియా కలం తీసి ఫిలిబెర్తోకీ తొమాసాకీ మధ్య గీతని కొట్టేసింది. ప్రమాణ పత్రం ఊడదీసింది. తొమాసా లెయాంద్రో పక్కన మిగిలింది, కూకా వాళ్ళిద్దరి కింద. చెప్పిన మాట ప్రకారం అంతవరకే ఆవిడ పని.

“విన్నావుగా అమ్మా? ఇప్పుడు నమ్ముతావా?” అంది. ఆ గొంతులో ఇంకా గెలుపు ఉంది.

కూకా అట్టకి దగ్గరగా మొహం పెట్టి వెతుకుతోంది. “నా కింద నువ్వొక్కదానివే ఉన్నావేం?”

పదిరోజులు కూడా బతకని పిల్లల్ని వంశవృక్షాల్లో ఎవరూ రాయరు. ఎలోదియా కూడా రాయలేదు. ముప్పై ఏళ్ళు ఆ పుస్తకాలు తిరగేసి, తన తోబుట్టువుల పేజీ రెండుసార్లు కళ్ళారా చూసి కూడా తనకి తట్టలేదు.

“రాయి,” అంది కూకా. “ఇద్దరి పేర్లూ రాయి. పోయిన సంవత్సరాలు పెద్దగా వెయ్యి. పైన ఆ ముసలాడు పోయిన సంవత్సరం ఎలాగూ ఉంది. ఏది ముందో ఏది తరువాతో వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు లెక్క చూసుకుంటారు.”

ఎలోదియా రాసింది. అంగేల్, 1945. సొకోర్రో, 1947. లోపల్నుంచి అరాంబులాలు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, విందుకి ఆ అట్ట పక్కనుంచే వెళ్ళాలి. కూకా అట్ట ముందు నిలబడ్డదల్లా, అది అందరికీ కనబడేలా పక్కకి జరిగింది.