కాలువ గట్టు మీద శోక్ శస్త్ర్

నేను ఫౌజులో చేరింది కరీంనగర్‌లో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడాది దాటింది. మాది బోథ్ దగ్గర ఒక పల్లె. భర్తీ జరుగుతోందని విని ఇంట్లో చెప్పకుండా బస్సెక్కాను. ఛాతీ కొలిచే వరుసలో నా ముందున్నవాడు వెనక్కి తిరిగి, "అన్నా, టేపు పెట్టంగనే ఊపిరి గట్టిగ గుంజు. నిన్న ఇద్దర్ని గిట్లనే ఎల్లగొట్టిండ్రు" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు తనేనని సాయంత్రం చాయ్ తాగేటప్పుడు చెప్పాడు. అతనిది మానేరు ఒడ్డున ఊరు. మిషన్ గుడి సంఘానికి చెందిన కుటుంబం. చిన్నప్పుడే కలరా గత్తర వచ్చి తండ్రి పోయాడు. తల్లి కూలికి వెళ్ళి పెంచింది. ఒక్కడే కొడుకు.

ఇద్దరం ఎంపికయ్యాం. ఇంటికొచ్చి చెబితే నన్ను కన్న అవ్వ ఏడ్చింది. బాపు చుట్ట ముట్టించుకున్నాడు. చివరికి, "నిజాం ఫౌజు కవాతు నేను ఆదిలాబాద్‌ల చూసిన. బ్యాండు, జెండాలు, మెరిసే గుండీలు. యూనియన్ ఫౌజు వచ్చినంక ఎన్నొద్దులు నిలిచిండ్రు? ఉర్దీలు ఇడిసి చేన్లల్ల వడి ఉరికిండ్రు. కవాతు చూసి మోసపోకు బిడ్డా" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

శిక్షణ కేంద్రం దక్షిణాన చాలా దూరం. మాతో చేరినవాళ్ళలో ఎక్కువమంది అరవం, మలయాళం మాట్లాడేవాళ్ళు. ఆదేశాలన్నీ హిందుస్తానీలో. మేమిద్దరం ఉర్దూ బడిలో చదివినవాళ్ళం కాబట్టి 'దాహినే ముడ్' అంటే అందరికన్నా ముందు కుడివైపు తిరిగేవాళ్ళం. అందుకు మాకు 'నిజాములు' అని పేరు పెట్టారు.

మాట అర్థమైనా కవాతు మాత్రం అతనికి రాలేదు. కంగారు పుడితే ఎడమ కాలితోపాటు ఎడమ చెయ్యే లేచేది. వరుస మొత్తం ఒక తీరున సాగుతుంటే అతను బొమ్మలా ఊగేవాడు. కవాతు నేర్పే ఉస్తాద్ అతని చేత రైఫిల్ నెత్తి మీద పెట్టించి మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. మధ్యాహ్నపు ఎండలో నాలుగు చుట్లు తిరిగి వచ్చి నా పక్కన కూలబడి, "గీ చేతులూపుడు చూసి దుష్మన్ పారిపోతడా అన్నా?" అనేవాడు. నేనూ అదే అనుకునేవాణ్ణి. ఇత్తడి గుండీలు తోమడం, నడుముకు కట్టే పటకాలకు రంగు పూయడం, వచ్చీపోయే అధికారి జీపుకు గంటల తరబడి ఎండలో నిలబడి సలామీ ఇవ్వడం నాకు దండగ పనిలా కనిపించేవి. తెల్లదొరలు వదిలిపోయిన ఆటల్ని మనవాళ్ళు ఇంకా ఆడుతున్నారని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

కసమ్ కవాతు నాడు మాత్రం అతను తప్పు చేయలేదు. ఆ రోజు ఒక్కొక్కరూ తన మతగ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయాలి. అతను బైబిల్ మీద చెయ్యి పెట్టి, తిరిగి వరుసలోకి నడిచి వచ్చాడు. చెయ్యీ కాలూ సరిగ్గా పడ్డాయి. ఎట్లా కుదిరిందని అడిగితే, "ఏమో అన్నా, మా అవ్వ చూస్తున్నట్టనిపించింది" అన్నాడు.

అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మా పలటన్, మా పటాలమంతా, పంజాబ్ సరిహద్దుకు వెళ్ళింది. మేమున్నది ఒక కాలువ గట్టు కింద. మూడో రోజు పొద్దున ఫిరంగి గుండు మా కందకానికి పది గజాల అవతల పడింది. నాకు మట్టి తప్ప ఏమీ తగల్లేదు. అతను నీళ్ళ డబ్బా తేవడానికి లేచి ఉన్నాడు. కడుపులో తగిలింది. నా పేరు రెండుసార్లు పిలిచాడు. నేను పాక్కుంటూ వెళ్ళేసరికి ప్రాణం లేదు.

గంటలో వెనక్కి జరగమని ఆదేశం వచ్చింది. శవాన్ని మోసుకుపోయే వీలు లేదు. నేనూ ఇంకొకడూ గట్టు పక్కన మోకాలి లోతు గుంట తవ్వాం. గుళ్ళు పడుతూనే ఉన్నాయి. నా బూట్ల అడుగులు బురదలో నాని అంతకు రెండు రోజుల ముందే ఊడిపోయాయి. తాడుతో కట్టుకుని నడుస్తున్నాను. అతని బూట్లు బాగున్నాయి. మా ఇద్దరిదీ ఎనిమిదో నంబరే. పక్కవాడు మట్టి తోడుతూ ఉండగా నేను వంగి, లేసులు విప్పి, ఆ రెండూ తీసేసుకున్నాను. పక్కవాడు చూసి, మళ్ళీ మట్టి తోడాడు. వట్టి పాదాలతో అతన్ని గుంటలో పెట్టాం. మీద మట్టి కప్పాం. ప్రార్థన లేదు, సలామీ లేదు. ఆ బూట్లతోనే పరుగెత్తాను.

ఆ తర్వాత చాలా రోజులు నాకు ఏడుపు రాలేదు. తిన్నాను, పడుకున్నాను, కాల్చాను. అతని పేరు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

కాల్పులు ఆగిన వారానికి మా సుబేదార్ సాబ్ మమ్మల్ని పిలిచాడు. మలబారు మనిషి, ఎక్కువ మాట్లాడడు. కాలువ గట్టు దగ్గర మనవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళను అట్లా వదిలేయకూడదన్నాడు. మేము ఇరవై మందిమి. అందరం గడ్డాలు గీసుకోవాలి, ఉర్దీలు ఉతుక్కోవాలి, బూట్లకు పాలిష్ లేకపోతే తుపాకీ నూనె రాసైనా మెరిపించాలి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"సాబ్, చచ్చినోళ్ళకు మన బూట్లు కనిపిస్తాయా?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "వాళ్ళకు కనిపించవు. నీకు కనిపిస్తాయి. పో, తుడుచుకో" అన్నాడు.

కూర్చుని తుడిచాను. ఎవరి బూట్లు తుడుస్తున్నానో ఆయనకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

గట్టు దగ్గర గుంటలు మళ్ళీ తవ్వాం. ఆ వాసన గురించి రాయను. మిగిలిన ఇద్దరినీ చితి మీద పెట్టారు. అతన్ని కంబళిలో చుట్టి, నిలువు లోతు గొయ్యిలో దించాం. పక్క పలటన్ నుంచి ఒక క్రైస్తవ హవల్దార్‌ని పిలిపించి ప్రార్థన చదివించారు. తర్వాత సుబేదార్ సాబ్ గొంతు లేచింది, చనిపోయినవాళ్ళ కోసం ఆయుధాలు దించమనే ఆదేశంతో. "శోక్ శస్త్ర్!"

రైఫిల్ తలకిందులు చేసి, దాని మూతిని ఎడమ బూటు ముక్కు మీద ఆనించి, పైకి వచ్చిన తుపాకీ మడమ మీద రెండు చేతులూ పెట్టి, గడ్డం ఛాతీకి తగిలేదాకా తల దించాలి. ఇరవై తలలు ఒక్కసారి దిగాయి. నా రైఫిల్ మూతి అతని బూటు మీద ఆనింది. తల దించితే కళ్ళకు కనిపించేది అదొక్కటే. బిగిల్ ఊదుతున్నంతసేపూ కదలకూడదు, కళ్ళు తుడుచుకోకూడదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ముక్కు మీదుగా కారి చేతుల మీద పడుతోంది. పక్కవాడి భుజం వణకడం తెలుస్తోంది. ఎవరూ ఎవరినీ చూడలేరు. ఆ ఆదేశం లేకపోతే నేను ఆ గొయ్యి దగ్గర నిలబడగలిగేవాణ్ణి కాదు; పారిపోయి ఉండేవాణ్ణి.

సెలవు దొరికినప్పుడు అతని ట్రంకు పెట్టె నాకిచ్చి పంపారు. కొత్త బూట్లు స్టోరుకు వచ్చాయి, తెచ్చుకోమని చెప్పారు. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పలేను. పెద్దపల్లిలో రైలు దిగి, బస్సులో కరీంనగర్ వచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వాళ్ళ ఊరు చేరాను.

అతన్ని కన్న అవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. కొడుకు చావు తెలిపే తార్, టెలిగ్రాం, ముందే అందింది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, పెట్టె మీద చెయ్యి వేసి నిమిరింది. తెరవలేదు. "తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

మర్నాడు కరీంనగర్‌లో సభ ఉంది, ఆమెను తీసుకురమ్మని కబురొచ్చిందట. నేనే తీసుకెళ్ళాను. ఒక బడి మైదానంలో షామియానా వేశారు. ఆమెను ముందు వరుసలో కుర్చీ మీద కూర్చోబెట్టి, బంతిపూల దండ వేశారు. ఆమె ఎప్పుడూ కుర్చీ మీద కూర్చున్నది కాదు. అంచున ఆనుకుని ఉంది. ఒక పెద్దమనిషి మైకు ముందు చాలాసేపు మాట్లాడాడు. వీరమరణం, భరతమాత, త్యాగం. చివర కొడుకు పేరు చెప్పి జై కొట్టమన్నాడు. అది అతని పేరు కాదు.

ఆమె లేచి నిలబడి, "అయ్యా, నా కొడుకు పేరు గది గాదు" అంది. జనం జై కొడుతున్నారు. ఎవరికీ వినిపించలేదు. ఇంకోసారి అంది. పక్కనున్న చప్రాసీ, "కూసో అవ్వా, అయిపోయింది" అన్నాడు. ఫోటో తీసేవాడు వచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆమె దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.  ఇంటికి రాగానే అడిగింది, "వాళ్ళు చేసింది చూసిన. మీ ఫౌజోళ్ళు ఏం జేసిండ్రు? మన్ను ఎట్ల ఇచ్చిండ్రు?"

నేను చెప్పాను: ప్రార్థన, బిగిల్, ఇరవై మంది. మొదటి గుంట సంగతి చెప్పలేదు.

"నాకు చెప్తె ఎర్కైతదా? చేసి చూపెట్టు" అంది.

మూలనున్న రోకలి తీసుకున్నాను. వాకిట్లో నిలబడి, నాకు నేనే మెల్లగా ఆదేశం చెప్పుకుని, రోకలిని బూటు మీద ఆనించి తల దించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. అరుగు మీది ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. నేను తల ఎత్తేసరికి ఆమె దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకుంది.

"మంచిగ జేసిండ్రు బిడ్డా. ఇరవై మంది తల వంచిండ్రంటే మంచిగనే జేసిండ్రు." ఆ వెంటనే, "అంగి మంచిది తొడిగిండ్రా? కాళ్ళకు బూట్లు ఉండెనా? వానికి చిన్నప్పటిసంది కాళ్ళు చల్లవడితే నిద్ర రాకపోయేది" అంది.

ఉన్నాయని చెబితే సరిపోయేది. ఆమె చేతులు నా చేతుల్లో ఉన్నాయి. చెప్పలేకపోయాను.

"లేవు అవ్వా. నేనే తీసుకున్న. ఇగో, ఇవే."

ఆమె చేతులు వదిలేసింది. నా కాళ్ళ వైపు చూసింది. గుళ్ళు పడుతున్నాయని, నా బూట్లు చినిగిపోయాయని ఏదో చెప్పబోయాను.

"ఇడువు" అంది.

అక్కడే కూర్చుని లేసులు విప్పాను. ఆమె రెండూ తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ పూట నన్ను లోపలికి పిలవలేదు. పక్కింటివాళ్ళు నాకు జొన్న గటక పెట్టారు. వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను.

పొద్దున పాస్టరు అయ్యగారు వచ్చారు. మిషన్ గుడి వెనక సమాధుల తోటలో, భర్త సమాధి పక్కన చిన్న గొయ్యి తీయించింది. బూట్లు కడిగి, కొత్త తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. ఎనిమిది మందో పది మందో ఉన్నారు. నేను దూరంగా, వేపచెట్టు దగ్గర నిలబడ్డాను. పాస్టరు ప్రార్థన చేసి, అతని పూర్తి పేరు చదివారు. ఆమె తల ఊపింది. గొయ్యిలో మొదటి పిడికెడు మన్ను వేసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వెందుకు నిలవడ్డవు? నీ పని నువ్వు జెయ్యి."

ముందుకు వెళ్ళాను. రైఫిల్ లేదు, కాళ్ళకు ఏమీ లేవు, కింద పల్లేరు కాయలున్నాయి. సావధాన్‌లో నిటారుగా నిలబడి, నెమ్మదిగా చెయ్యెత్తి సెల్యూట్ చేశాను. గొయ్యి పూడ్చేదాకా దించలేదు. ఆమె ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళొస్తానంటే తల తిప్పుకుంది. వట్టి కాళ్ళతోనే కరీంనగర్ వచ్చి, నిర్మల్ మీదుగా వెళ్ళే బస్సెక్కాను. ఉర్దీలో ఉన్నవాడి కాళ్ళ వైపు అందరూ చూశారు.

మరుసటేడు నన్ను కవాతు నేర్పే ఉస్తాద్‌గా శిక్షణ కేంద్రానికి మార్చారు. నేనే అడిగి వెళ్ళాను. ఆమెకు మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. కొత్తవాళ్ళకు అన్నీ నేర్పేవాణ్ణి గానీ శోక్ శస్త్ర్ మీద ఎక్కువ పొద్దు గడిపేవాణ్ణి. ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు. ఇంకా ఎవరినీ పోగొట్టుకోనివాళ్ళు. గడ్డం ఇంకా దించు, ఇంకా దించు అని అరిచేవాణ్ణి. నన్ను క్రూరుడనుకునేవాళ్ళు. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. తవ్విన గుంట ముందు మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదని, అది ముందే నేర్చుకుని ఉండాలని ఎట్లా చెప్పను? నేర్చుకున్నా చేసిన తప్పు పోదని అంతకన్నా చెప్పలేను.

అరవై ఎనిమిదిలో ఒక పొద్దున కవాతు మైదానంలో ఉండగా డాక్ వచ్చింది. పాస్టరు అయ్యగారి చేతిరాత. ఆమె చనిపోయి అప్పటికి నెల దాటింది. జ్వరం నాలుగు రోజులు. భర్తకూ, బూట్లకూ మధ్య చోటు లేక ఆమెను భర్త కాళ్ళ వైపున పాతిపెట్టారట. నా గురించి ఏమైనా అన్నదేమోనని ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమీ లేదు. ఎదురుగా నలభై మంది సావధాన్‌లో నిలబడి నా నోటి వైపు చూస్తున్నారు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, తరువాతి ఆదేశం ఇచ్చాను.