అన్నయ్యకి దారివ్వని రోజు

ఆ రోజుల్లో నా దగ్గర డబ్బు తక్కువ, జుట్టు ఎక్కువ, కుళ్ళు ఇంకా ఎక్కువ. ఆ కుళ్ళంతా నేను ఒకే మనిషి మీద పొదుపుగా ఖర్చు పెట్టేవాణ్ణి. ఆ మనిషి మా పెద్దమ్మ కొడుకు. నాకంటే కొన్ని నెలలే పెద్ద అయినా "అన్నయ్యా" అని పిలిచి తీరాలని మా అమ్మ చిన్నప్పుడే శాసనం చేసింది (అందుకే ఎదురుగా అన్నయ్య, మనసులో వాడు). భీమవరంలో ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి. మార్కులు వాడికి వచ్చేవి, "అన్నయ్యని చూసి నేర్చుకో" అన్న మాట నాకు వచ్చేది. చివరికి వాడు న్యూజిలాండ్ అడుగున, ఇంకొంచెం జారితే సముద్రంలో పడే ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్‌లో చేరితే, నేనూ బుద్ధిగా వెనకే వెళ్ళి చేరాను. అక్కడా ముందు ఉద్యోగం వాడికే, అక్కడే ఉండిపోవడానికిచ్చే రెసిడెన్సీ కూడా ముందు వాడికే. డ్రైవింగ్ టెస్టు వాడు మొదటిసారే పాసయ్యాడు. నేను రౌండెబౌట్‌లో ఇండికేటర్ వెయ్యడం మర్చిపోయి, పక్కన కూర్చుని టెస్టు పెడుతున్న పెద్దావిడ నిట్టూర్పు విని ఇంటికొచ్చాను.

ఒక్క విషయంలో మాత్రం నేను ముందున్నాను. స్పోర్ట్స్ కారు నేనే ముందు కొన్నాను. జపాన్ నుంచి వచ్చిన పాత బండి, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. కంపెనీ ఎలా చేసి పంపిందో అలాగే ఉండేది. నేను మార్పించినవి బ్రేక్ ప్యాడ్లు మాత్రమే. ఆ ఆనందంలో నేను ఇంకా తేలుతుండగానే వాడు పసుప్పచ్చ టర్బో బండి ఒకటి తెచ్చి మా ఫ్లాట్ ముందు నిలబెట్టాడు. వెనకాల బట్టలు ఆరేసుకోదగ్గంత రెక్క, స్టార్ట్ చేస్తే వీధి చివరి డైరీ (అక్కడ చిల్లర కొట్టుని అలా అంటారు) నడిపేవాడు బయటికొచ్చి చూసేంత చప్పుడు. మమ్మల్నిద్దర్నీ సొంత పిల్లల్లా చూసుకునే నర్సాంటీ (ఆస్పత్రిలో నర్సు, గుంటూరు మనిషి) దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, "అబ్బ, ఏం బండి నాన్నా ఇది" అంది. తర్వాత నా మొహం చూసి, "నీదీ బానే ఉందిలే అయ్యా, పెట్రోలు తక్కువ తాగుద్ది" అంది. ఆ ఓదార్పుకి నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆ పసుప్పచ్చ బండిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

అందుకే ఊరి బయట రేస్ ట్రాక్‌లో మామూలు జనం తమ బండ్లు తోలుకోవచ్చని, దాన్ని ట్రాక్ డే అంటారని తెలియగానే ఇద్దరి పేర్లూ నేనే ఇచ్చాను. నా కోరిక చాలా చిన్నది. జన్మలో ఒక్కసారి వాడు నా వెనక ఉండాలి, అది నలుగురూ చూడాలి. నర్సాంటీ కూడా బయల్దేరింది. పెద్ద గిన్నెడు కోడి పలావు తన కారులో పెట్టుకుని, మా ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బిడ్డలకి బుద్ధి లేదు, నీకు తెలుసు. వీళ్ళని నెమ్మదిగా నడిపించు తండ్రీ." నేను ఆమెన్ అనకుండా దగ్గాను.

అక్కడికెళ్ళాక మొదటి పరీక్ష, బండిలో కదిలే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. వాడి డిక్కీ తెరిస్తే అద్దంలా ఉంది. నా డిక్కీ తెరిచిన తెల్లాయన టోపీ వెనక్కి నెట్టుకుని లోపలికి వంగి చూశాడు. బియ్యం బస్తా, గొడుగు, పని చేసే చోటి ఏప్రాన్, అమ్మ పంపిన ఆవకాయ జాడీ, పాడైన రైస్ కుక్కరు, ఎందుకుందో నాకే తెలియని ఒక్క చెప్పు. అన్నీ గడ్డి మీద టార్పాలిన్ పరిచి వరసగా పెట్టాల్సొచ్చింది. పక్కనే తన కారు ఆపుకున్న ఒకాయన వాటిని అమ్ముతున్నానేమో అనుకుని కుక్కరు ఎంతని అడిగాడు. అన్నయ్య నవ్వలేదు. టార్పాలిన్ దక్షిణగాలికి ఎగిరిపోకుండా నాలుగు రాళ్ళు తెచ్చి పెట్టాడు. నవ్వి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

తర్వాత అందర్నీ కూర్చోబెట్టి రూల్సు చెప్పారు. ఇది పందెం కాదు. ముందున్న బండిని తోచినట్టు దాటకూడదు. తిన్నటి దారి మీద, అదీ ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చాపి "వెళ్ళు" అని చూపిస్తేనే దాటాలి. నీలం జెండా ఊపితే నీ వెనక వేగంగా వచ్చేవాడున్నాడు, దారివ్వమని అర్థం. నల్ల జెండా ఊపితే బయటికి వచ్చెయ్యాలి. మన వైపు లారీ డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి ఊపి వెనకవాళ్ళని పంపిస్తారు చూడండి, అదే పద్ధతి. అంటే ఇంతమంది తెల్లవాళ్ళ మధ్య నాకు పుట్టుకతో వచ్చిన విద్య అదొక్కటే. వాడు ఏదో సందేహం అడిగాడు. చెప్పే ఆయన "మంచి ప్రశ్న, మేట్" అన్నాడు. నాకూ ఒక ప్రశ్న అడగాలనిపించింది గానీ ఎంత వెతికినా దొరకలేదు.

కొత్తవాళ్ళ గుంపులో నన్ను ముందు వదిలారు, నా వెనక వాణ్ణి. మొదటి చుట్టు నాకేమీ గుర్తులేదు. హెల్మెట్‌లో నా ఊపిరి చప్పుడే వినిపించింది. రెండో చుట్టులో అద్దంలోకి చూస్తే దాని నిండా పసుపు. తిన్నటి దారి వచ్చింది. నా కుడిచెయ్యి అలవాటుగా స్టీరింగ్ మీంచి లేచింది. కిటికీ దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకుంది. ఇన్నేళ్ళుగా మార్కుల్లో, ఉద్యోగంలో, రెసిడెన్సీలో నన్ను అడక్కుండానే దాటిపోయాడు. ఇవాళ ఒక్కరోజు నేను చెయ్యి చూపిస్తే తప్ప దాటలేడు. నేను చూపించను. నా ప్రాణం పోయినా చూపించను. నీలం జెండా ఊపారు. ఆకాశం వంక చూశాను. తర్వాతి మలుపులో ఇంకొకాయన ఇంకా గట్టిగా ఊపాడు. ఆయనకి తల ఊపి నమస్కారం లాంటిది పెట్టి సాగిపోయాను. వాడి వెనక ఒక ఎర్ర బండి, దాని వెనక తెల్లది, ఆ వెనక ఇంకేవో వచ్చి చేరాయి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాడిలా నేను ముందు, వెనక మిగతా ఊరు. వాడు ఒక్కసారి కూడా లైటు కొట్టలేదు, మీదకి రాలేదు. నిబ్బరంగా అంత దూరంలోనే ఉన్నాడు. అది చూసి ఇంకా మండింది. కంచె దగ్గర నర్సాంటీ ఫోను పైకెత్తి గంతులేస్తోంది.

చివరికి నల్ల జెండా, దాని పక్కన నా నంబరు రాసిన బోర్డు చూపించారు. దానికి ఆకాశం వంక చూడ్డం కుదర్లేదు. నేను బయటికొస్తే వాడూ నా వెనకే వచ్చేశాడు. అక్కడి పెద్దాయన నా కిటికీ మీదకి వంగి, కోపం లేకుండానే, కళ్ళు కనిపిస్తాయా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వాడు హెల్మెట్ తీసుకుంటూ వచ్చి, "తప్పు నాది. నేనే బాగా వెనకబడిపోయాను. దాటాలనుకుంటున్నానని తనకి తెలిసుండదు" అన్నాడు. పెద్దాయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంకోసారి రూల్సు విని రమ్మని పంపేశాడు.

ఇంతలో ఆంటీ పరిగెత్తుకుంటూ వచ్చింది. "మనోడే ఫస్టు. ఆ తెల్లోళ్ళందరూ నీ వెనకే నాన్నా, ఒక్కడు కూడా నిన్ను దాటలేకపోయాడు. వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా" అంది. ఆవిడ ప్రార్థన అక్షరాలా ఫలించిందని ఆవిడకి తెలియదు. వెంటనే అమ్మ ఫోను. పక్కింటివాళ్ళకి కూడా చూపించిందట. "అన్నయ్య కూడా నీ వెనకే ఉన్నాడంట కదరా" అని అడిగింది. ఆ గొంతులో గర్వం వినడానికి నేను పాతికేళ్ళు కాచుకుని ఉన్నాను. నిజం చెబుదామా వద్దా అని నసుగుతుండగా వాడు ఫోను లాక్కుని, "అవును పిన్నీ, మావోడు ఇరగదీశాడు. నేను అందుకోలేకపోయా" అన్నాడు.

పలావు తినేటప్పుడు ఆంటీ అటెళ్ళగానే అడిగేశాను.

"నా చెయ్యి చూశావా?"

"చూశా. బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది."

"మరి లైటన్నా కొట్టొచ్చుగా."

వాడు కోడిముక్క ఒకటి నా ప్లేటులో వేశాడు. "ఆంటీ వీడియో తీస్తంది కదరా. పిన్ని చూసుద్దని ఆగిపోయా."

నేను ఆ ముక్క తిన్నాను. కృతజ్ఞత కలగాలి నిజానికి. కలిగింది కూడా, కొంచెం. కానీ దానికంటే ముందు, గొంతు దాకా, ఎప్పటి కుళ్ళే పొంగుకొచ్చింది. నేను ఒక్క చెయ్యి చాపలేకపోయిన చోట వీడు టర్బో బండిని పట్టుకుని నా వెనక నడిపించాడే, ఇది కూడా వీడికే రావాలా అని.

ఆ బండ్లు రెండూ ఎవరి చేతుల్లోకో వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఈ దేశంలోనే వాడు పామర్‌స్టన్ నార్త్‌లో, నేను టౌరంగాలో. నా కారులో పిల్లల సీట్లు రెండు, నేల మీద బిస్కెట్ పొడి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా నా పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ళ నాన్న తెల్లవాళ్ళందరితో పందెం గెలిచిన కథ చెబుతుంది. ఆవిడ తెలుగు సగమే అర్థమైనా వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. పక్కన వాడుంటే "నిజమేరా, నేను చూశాగా" అని సాక్ష్యం చెబుతాడు. పిల్లలు నా వంక ఆరాధనగా చూస్తారు. హెల్మెట్‌లో పళ్ళు బిగించుకుని, ఆకాశం వంక చూస్తూ బండి తోలిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. పాపం, ఆ కుర్రాడికి అప్పుడు కనిపించింది అద్దంలో పసుపు రంగొక్కటే. పిల్లలు మాత్రం కథ అయిపోయాక లేచి వెళ్ళి పెదనాన్న ఒళ్ళోనే కూర్చుంటారు. నాకు ఇప్పటికీ కొంచెం కుళ్ళుగానే ఉంటుంది.