సుగుణక్కకు చెప్పని స్కేల్

కొన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. పాస్టర్ గారికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. అది తప్పో, మంచి చేయబోయి చేసిన పొరపాటో నాకు ఇప్పటికీ తేలడం లేదు. మీకేమైనా తేలుతుందేమో చూడండి.

ఉంటున్నది ఉప్పల్‌లో. ఆదివారం ఆదివారం నాచారంలో మా చిన్న చర్చిలో గిటారు వాయిస్తాను. కీబోర్డు లేదు. నా గిటారు, ఒక డోలక్, అంతే. అప్పట్లో ముందు నిలబడి పాట ఎత్తుకునేది సుగుణక్క. బట్టల కంపెనీలో సూపర్‌వైజరు. కొన్నేళ్ల కిందట ఆమె గొంతు బొంగురుపోయింది. మిషన్ల హోరులో అరిచి అరిచి అలా అయిందనుకున్నాం. చరణం మధ్యలో పై స్వరం అందక ఆగిపోతే వెనక బెంచీల వాళ్లు మొహాలు చూసుకునేవారు. నాకు ప్రాణం చివుక్కుమనేది.

స్కేల్, అంటే పాట శ్రుతి, కాస్త దించుదామని ఒకసారి అంటే ఇంతెత్తున లేచింది. గొంతులోకి కెమెరా పెట్టి చూడాలని డాక్టరు కూడా అప్పుడే చెప్పాడు. అక్క భయపడుతూనే సరేనంది.

తర్వాతి ఆదివారం ఇంట్లోనే ఆరు తీగలనూ ఒక్కో మెట్టు కిందికి వదులు చేసి తీసుకెళ్లాను. వేళ్లు పట్టే చోట్లు అవే, వినిపించే శ్రుతి మాత్రం తక్కువ. పాడే ముందు ఏ స్కేలో అని నా ఎడమ చెయ్యి చూసుకోవడం ఆమెకు అలవాటు. చూసింది.

"జి స్కేల్‌లోనే వాయిస్తున్నవ్ గదా? స్కేల్ గిట్ల దించలే గదా?"

"లేదక్కా, జి లోనే. సూడు, వేళ్లు ఆడ్నే ఉన్నయి."

పాట హాయిగా సాగిపోయింది. ఎన్నాళ్లకో ఆమె మొహం విప్పారింది. నేనెంత సంతోషించానో! ఆ సంతోషం నిజమే. మరి అబద్ధం ఎందుకాడాను? ఆమె పరువు కోసమా? తిట్లు తప్పించుకోవడానికా? లేక, ఎవరికీ తెలియని కిటుకు నా చేతిలో ఉందన్న గర్వమా? అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయనిపిస్తుంది. ఏది ఎంతో చెప్పలేను.

మా సంఘంలో ఆరాధన చివర ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. ఒక ఆదివారం సుగుణక్క లేచింది. ప్రార్థనకు జవాబు వచ్చిందనీ, దేవుడు తన గొంతు ముట్టి బాగుచేశాడనీ, ఇక ఆ కెమెరా పరీక్ష అక్కర్లేదనీ ఏడుస్తూ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. అప్పుడే లేచి నిజం చెప్పాల్సింది. నలుగురిలో ఆమెను చిన్నబుచ్చలేననుకున్నాను, పక్కకు పిలిచి రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపు రాకముందే మళ్లీ ఆదివారం వచ్చింది. మళ్లీ తీగలు వదులు చేశాను.

కొన్ని నెలలకు ఆ శ్రుతి కూడా అందలేదు. నీళ్లు మింగడం కష్టమైతే దవాఖానాకు తీసుకెళ్లారు. గొంతులో గడ్డ. ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతుంది. ముందే వచ్చి ఉంటే గొంతు మిగిలేదేమో అన్నాడు డాక్టరు. మిగిలేదా, మిగలకపోయేదా? ఆయన కూడా గట్టిగా చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు బాగుండేదో, మరీ ఘోరంగా ఉండేదో తెలియదు.

వెళ్లి చెబుదామంటే ఇంకో చిక్కు. దేవుడు కొన్నాళ్లు తన గొంతు తిరిగిచ్చాడని ఆమె నమ్మకం. ఆ రోజులు తల్చుకుని ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వు కూడా నేనే లాక్కోవాలా? లేక నా పిరికితనానికి ఆమె నవ్వును అడ్డం పెట్టుకుంటున్నానా? ఎంత ఆలోచించినా తెగదు.

అక్కా, నీ గొంతు ఆ రోజుల్లో బాగుపడలేదు. నేను తీగలు వదులు చేశాను.

ఇదిగో, రాసేశాను. చదివేది మీరు, ఆమె కాదని తెలుసు. అయినా గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గుగా ఉంది.