డాక్టరమ్మ నౌక

డోన్ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నడిపే సైఫుల్లా, గిరాకీ లేనప్పుడు కంప్యూటర్‌లో వంతులవారీగా సాగే అంతరిక్ష యుద్ధం ఆట ఆడుతుంటాడు. తన వంతు రాగానే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచిస్తాడు. మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటూ ఆ కథంతా తల్లి సర్దార్ బీకి చెబుతాడు. నాశనమైన గ్రహం నుంచి జనాన్ని తప్పించి తీసుకుపోతున్న నౌకల కథ అది. వాటిలో ఒక నౌకలో ఉండి గాయపడినవాళ్లను చూసుకునే డాక్టరమ్మ అంటే ఆమెకు ప్రాణం.

మొదటి యుద్ధాలు పిల్లలాటలా సాగిపోయాయి. ఆ తర్వాతది ఉన్నట్టుండి కొండలా మీదపడింది. ఎన్నిసార్లు ఆడినా ఓటమే. సులువు స్థాయికి మార్చుకుంటావా అని ఆట ప్రతిసారీ అడిగింది, అతను వద్దన్నాడు. చివరికి డాక్టరమ్మ నౌకను ఎరగా ముందుకు పంపి, శత్రువులు దాని మీద పడగానే వెనక నుంచి కొట్టి గెలిచాడు.

ఆరోజు కంచం ముందు కథ ఎత్తలేదు.

"డాక్టరమ్మ బాగుండాదా నాయనా?" అని సర్దార్ బీయే అడిగింది.

"సచ్చిపోయిందిమా. నేనే పంపించినా. శానా కష్టంగా ఉండె."

"ఇంకో దోవే లేకపోయెనా?"

"ఉండె. సులువుగా ఆడొచ్చు. నాకే నామోషీ అనిపించె."

ఆమె అతని కంచంలో పప్పు వడ్డించి లోపలికి వెళ్లిపోయింది.

సైఫుల్లా షాపుకు తిరిగొచ్చి, ఆటను సులువు స్థాయిలో మళ్లీ మొదటినుంచి పెట్టాడు. డాక్టరమ్మ తెర మీదికొచ్చి, తొలిరోజులాగే నవ్వుతూ పలకరించింది. అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.