లక్ష్మక్క గోడమీది నెమలి

ఈ సాయంత్రం శింగనమలలో మా పక్కింటి లక్ష్మక్క చెనక్కాయల చేలో కూలిపని నుంచి వచ్చి, వాళ్లింటి గోడమీద ఎర్రమన్నుతో నెమలిని గీస్తూ తనలో తానే నవ్వుకుంటోంది. నేను బడిలో డ్రాయింగ్ మాస్టరుని. ఊరుకోలేక "కాళ్లు అట్ల కాదక్కా" అని తడిగుడ్డతో తుడిచేసి, సరిగ్గా గీసి చూపించాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేనేమన్నా మార్కులకి గీస్తాండానా సారూ? పొద్దంతా ఎండలో వంగి పనిచేసినా. మనసుకు బాగుంటాదని గీసుకుంటాండా" అంది.

సిగ్గుతో తప్పైందన్నాను. ఎర్రమన్ను గిన్నె నా చేతికిచ్చి, "అట్లయితే తోక నువ్వు గీయి. బాగొచ్చిందా లేదా అని మాత్రం చూసుకోవద్దు" అంది.

చాలాసేపు గోడ ముందు నిలబడ్డాను. ఇన్నేళ్లుగా పిల్లల బొమ్మలకు మార్కులు వేసిన చెయ్యి కదల్లేదు. మీలో ఎవరికైనా చేతనైతే చెప్పండి, ఊరికే సంతోషానికి గీయడం ఎట్లా?